శిక్షామంత్రి దండించడు

అమ్మలూ,

నువ్వు పంపిన అనువాదం చదివాను. హిందీ ‘శిక్షా కా అధికార్’ని ‘శిక్షా హక్కు’ అన్నావు. తెలుగులో అది కొట్టే హక్కయి కూర్చుంటుంది. ‘విద్యాహక్కు’ అని దిద్దు. పథకాల పేర్ల జోలికి మాత్రం పోకు. ‘సమగ్ర శిక్ష’ అని మన బడి గోడల మీదా అలాగే రాస్తున్నారు, సమగ్రంగా వాయించేస్తారేమో అనిపించినా సరే.

‘శిక్ష’ అనే మాటకి మూలం సంస్కృతంలోని ‘శక్’, అంటే చేయగలగడం. దానికి కోరికను చెప్పే ‘సన్’ ప్రత్యయం చేరింది. జ్ఞా నుంచి జిజ్ఞాస, పా నుంచి పిపాస వచ్చిన దారే ఇది. వాటిలో మొదటి అక్షరం రెట్టించడం కనిపిస్తుంది. శక్‌లో ఆ రెట్టింపు లోపించి, అకారం ఇకారమై ‘శిక్ష’ మిగిలింది. లభ్ ‘లిప్స’ అయిందీ ఇలాగే. కనక మొదటి అర్థం, చేతనవ్వాలనే కోరిక. తైత్తిరీయోపనిషత్తులో ‘శీక్ష’ అంటే వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం: అంతా ఉచ్చారణ పాఠమే.

మరి దెబ్బలెక్కణ్ణుంచి వచ్చాయంటావా? మనం ‘బుద్ధి చెప్పాడు’ అంటే నేర్పాడనీ అవుతుంది, నాలుగు తగిలించాడనీ అవుతుంది. ఇదీ అంతే. మరాఠీ, కన్నడ, మలయాళాలు మనలాగే దండన వైపు మొగ్గాయి. హిందీ, బెంగాలీ, ఒడియా చదువు దగ్గరే ఆగాయి. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి నేరాల చట్టం (ఐపీసీ) మనకు శిక్షాస్మృతి, హిందీవాళ్లకు దండ్ సంహిత. సముద్రం దాటాక కూడా ఇదే చీలిక: థాయిలో ‘సుక్సా’ చదువు, ఇండోనేషియాలో ‘సిక్సా’ చిత్రహింస.

అసలు జారిపడేది ‘శిక్షణ’ దగ్గర. మనకది ట్రైనింగ్. హిందీలో అది బోధన; ట్రైనింగ్‌కి వాళ్లు ‘ప్రశిక్షణ్’ అంటారు. మరాఠీ, కన్నడాల్లో ఏకంగా విద్య. కన్నడ ‘శిక్షణ ఇలాఖె’ మన విద్యాశాఖే, శిక్షణ సంస్థ కాదు. ఇక ‘దుష్టశిక్షణ’లో మనమే దాన్ని దండనగా వాడుతున్నాం.

బెంగాలీ పేరా వస్తే ‘శాస్తి’ని శిక్ష అని రాయి. ‘తగిన శాస్తి’లోని మాటే అది. దాని ధాతువు వేరు, ‘శాస్’. శాస్త్రం, శిష్యుడు కూడా అందులోంచే పుట్టాయి.

మూడో పేజీలో ‘ప్రశిక్షణ్’కి ‘శిక్షణ’ అని రాశావు, అది కదపకు.

నాన్న