ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) పాలకమండలికి వరంగల్ నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు,

నమస్కారం. డాక్యుమెంటరీలు తీసుకునే మామూలు మనిషిని, ఉండేది హనుమకొండలో. 1975లో పుట్టిన మీ సంస్థలో 2022లో ఫిల్మ్స్ డివిజన్, ఫిల్మ్ ఆర్కైవ్, బాలల చిత్ర సమితి, చిత్రోత్సవాల డైరెక్టరేట్ అన్నీ కలిసిపోయాయి. అంటే మాలాంటివాళ్లు తట్టాల్సిన తలుపు ఇప్పుడు ఒక్కటే.

సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు కెమెరాతో వెళ్లాను. ఒక పెద్దాయన వంగి, పసుపూ బియ్యప్పిండీ వేళ్ల సందుల్లోంచి సన్నగా జార్చుతూ పట్నం, అంటే దేవుడి పేర నేల మీద వేసే పెద్ద ముగ్గు, వేస్తున్నారు. గీత ఎక్కడా తెగలేదు. వెనక ఒగ్గుడోలు, అంటే మల్లన్న కథలు పాడే ఒగ్గు కళాకారుల డోలు, మోగుతూనే ఉంది. కాసేపటికి జనం ఆ పట్నాన్నే తొక్కుకుంటూ నడిచారు. తొక్కడమూ ఆచారమేనట! నా బ్యాటరీ మాత్రం అప్పటికే అయిపోయింది.

ఆ ఫుటేజీ పట్టుకుని ఒకచోట నిధుల కోసం వెళ్లాను, పేరెందుకు లెండి. ఇచ్చింది పది నిమిషాలు. "ఒగ్గు అంటే ఏంటి?" అని అడిగారు. అది చెప్పేసరికే టైమ్ అయిపోయింది.

అందుకే అడుగుతున్నా. స్క్రిప్టులు చూసే కమిటీల్లో జిల్లాల నుంచి, ఈ కళలు తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఉండేలా చూడండి. దరఖాస్తు తెలుగులో రాసే వీలు కల్పించండి. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో పెట్టండి, ముంబై రానుపోను ఖర్చుతో మాకు రెండు రోజుల షూటింగ్ అవుతుంది.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక డాక్యుమెంటరీ దర్శకుడు