చేసిన పనికి డబ్బు ఎప్పుడిస్తారు?

సంపాదకులకు,

నేను ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే అనువాదాలు చేసుకుంటున్నాను. పని బాగానే దొరుకుతోంది, డబ్బు రాబట్టుకోవడమే పెద్ద టెన్షన్. ఒక సంస్థ నుంచి రావాల్సిన బిల్లుకు ఐదు నెలలు దాటింది. అడిగితే ‘అకౌంట్స్ వాళ్లను కనుక్కోండి’ అంటారు, వాళ్లేమో ఫోనే ఎత్తరు. లోన్ కోసం బ్యాంకుకు వెళ్తే జీతం స్లిప్పులు తెమ్మంటారు. ఐటీ రిటర్నులు చూపించినా మేనేజరు మొహంలో అనుమానం పోదు.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్, పక్కా ఉద్యోగం లేకుండా విడివిడిగా పనులు చేసుకునే గిగ్ కార్మికులను గుర్తించింది. యాప్‌ల ద్వారా పని ఇప్పించే అగ్రిగేటర్ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమానికి ఇవ్వాలంది. మంచిదే. కానీ మధ్యలో ఏ యాప్ లేకుండా నేరుగా క్లయింట్లతో మాట్లాడుకునే నాలాంటి వాళ్లకు ఆ నిధి ఎవరు కడతారు?

మాకు పనికొచ్చే చట్టం వేరే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. సేవలకూ ఇది వర్తిస్తుంది, నమోదుకు ఫీజు లేదు. ఇంటి మూల కంప్యూటర్ ముందు కూర్చునే నేను కూడా ‘సంస్థ’నేనని తెలిసి నవ్వొచ్చింది. అయితే ఫిర్యాదు చేస్తే ఆ క్లయింటు మళ్లీ పని ఇస్తాడా? ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు.

జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఫ్యాక్టరీల వాళ్లకే కాక నాలాంటి ఫ్రీలాన్సర్లకూ నమోదు శిబిరాలు పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు