చదివినది మళ్లీ దొరకాలంటే

సంపాదకులకు నమస్కారం.

పఠనాసక్తిని పెంచుకోవడం గురించి పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి గానీ, చదివినదాన్ని, చదవాలని దాచుకున్నదాన్ని కావలసినప్పుడు చేతికందేలా ఉంచుకోవడం గురించి రాసేవారు అరుదు. అలమరలో పుస్తకాలు, ఫైల్లో పత్రికల కత్తిరింపులు, ఫోన్లో పీడీఎఫ్‌లు, స్క్రీన్‌షాట్లు, తమకు తామే వాట్సాప్‌లో పంపుకున్న లింకులు ఇలా చెల్లాచెదురుగా ఉన్నప్పుడు, ఫలానా విషయం ఎక్కడో చదివానన్న జ్ఞాపకం మిగులుతుందే తప్ప ఆ రచన దొరకదు.

చాలామంది ఈ పనిని ఏదో ఒక యాప్‌కు అప్పగించి నిశ్చింతగా ఉంటున్నారు. అది క్షేమం కాదు. వివిధ వెబ్‌సైట్లలోని కొత్త రచనలను ఒకేచోట చదువుకునే వీలు కల్పించిన గూగుల్ రీడర్ సేవ 2013 జులై 1న మూతపడింది. వ్యాసాలను తర్వాత చదువుకునేందుకు దాచిపెట్టే పాకెట్ సేవను మొజిల్లా సంస్థ 2025 జులై 8న నిలిపివేసింది. వాడుకదారులు తమ జాబితాను దించుకునే వీలు కల్పించినా, అందులో లింకులు, శీర్షికల వంటి వివరాలే వచ్చాయి గానీ వ్యాసాల పూర్తి పాఠం రాలేదు. ఇక లింకులను నమ్ముకుందామా అంటే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేవని అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించింది. యాప్‌లు వాడవద్దని నేను అనడం లేదు. అసలు జాబితా మాత్రం ఒక నోటుపుస్తకంలోనో, మన కంప్యూటర్లోని మామూలు ఫైల్లోనో ఉండాలి, ముఖ్యమైన వ్యాసాల పాఠాన్ని కూడా విడిగా భద్రపరచుకోవాలి.

ఆ జాబితాలో శీర్షిక, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం, అది ఇప్పుడు ఎక్కడుందన్న వివరం ఎలాగూ రాస్తాం. ఎందుకు దాచామో ఒక్క వాక్యం రాసుకోవడం వీటన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే కొన్నాళ్లకు శీర్షిక చూసినా ఆ కారణం గుర్తుకు రాదు. పుస్తకంలోని పుట సంఖ్య రాసుకునేటప్పుడు అది ఎన్నో ముద్రణో కూడా రాయాలి. కొత్త కూర్పులో పుటలు మారిపోతాయి. అంకెలతో వచ్చిన పీడీఎఫ్ పేరును దించుకున్న వెంటనే సంవత్సరం, రచయిత, శీర్షిక వరుసలో మార్చుకుంటే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. ఎరువిచ్చిన పుస్తకాలకు, ఎవరికి ఎప్పుడు ఇచ్చామో రాసుకునే గడి ఒకటి తప్పనిసరి.

ఈ విషయంలో పత్రికలు చేయగలిగిన సాయమూ ఉంది. తేదీ పుట పైభాగాన ఉంటుంది, వ్యాసం కింది భాగంలో ఉంటుంది. దాన్ని అంచుల వెంబడి కత్తిరించి అతికించుకున్న పాఠకుడికి అది ఏనాటిదో, ఏ పత్రికలోదో తెలిపే ఆధారమే మిగలదు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ఆ స్ఫూర్తితో ప్రతి వ్యాసం చివర పత్రిక పేరు, తేదీ చిన్న అక్షరాల్లో ముద్రించవలసిందిగానూ, పుస్తక సమీక్షల్లో ప్రచురణ సంవత్సరం, ముద్రణ, ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) వివరాలను తప్పక ఇవ్వవలసిందిగానూ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు