పద్యంలో లేని అక్షరాన్ని కలపకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికని వేసిన ఒక ప్రత్యేక సంచిక నా చేతికొచ్చింది. అందులో పోతన పద్యం ఇలా ఉంది: ‘పలికెడిది భాగవతము అట, పలికించెడివాడు రామభద్రుండు అట, నే పలికిన భవహరము అగును అట’. పిల్లలకు తేలిగ్గా అర్థం కావాలని విడదీశారట. ఉద్దేశం మంచిదే కానీ, ఇక అది కందపద్యం కాదు.

పోతన పద్యంలో ఉన్నవి భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట. కందానికి నాలుగు పాదాల్లో కలిపి 64 మాత్రలు (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు). సంధిలో పోయిన ఉకారాన్ని వెనక్కి తెచ్చిన ప్రతిచోటా ఒక మాత్ర పెరుగుతుంది. ఇక్కడ నాలుగు చోట్ల తెచ్చారు కాబట్టి లెక్క 68కి చేరింది. ఆ పుట చూసి రాగం తీయబోయిన పిల్ల ‘అట’ వచ్చినప్పుడల్లా తడబడుతుంది, తనకే పద్యం రాదనుకుంటుంది. సుమతి శతకానికీ ఇదే గతి పడుతోంది. ‘మ్రొక్కిన వరమీని వేల్పు’లో ‘వరమీ’ నాలుగు మాత్రల గణం, అంటే పాదంలో ఒక అక్షరాల గుంపు. ‘వరము ఈని’ అని వేస్తే ఆ గణం అయిదు మాత్రలకు పోయి పాదమంతా చెదురుతుంది.

ఇలా విడదీయడాన్ని వ్యావహారికం, అంటే వాడుక భాష, పేరు చెప్పి సమర్థించేవారున్నారు. అదీ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారి జయంతి నాడే! ‘వాడు ఎక్కడ ఉన్నాడు’ అని నోటితో అనేదెవరు? ‘వాడెక్కడున్నాడు’ అంటాం. ‘ఏమి చేస్తున్నావు’ కాస్తా ఆంధ్రలో ‘ఏం చేస్తున్నావ్’, తెలంగాణలో ‘ఏం జేస్తున్నవ్’. రెండుచోట్లా ‘ఏమి’లో ఇకారమూ పోయింది, చివరి ఉకారమూ పోయింది. ఊరులు ఎప్పుడో ఊళ్ళయ్యాయి. మాటల్లో అచ్చుల్ని మింగేయడంలో మనం పోతన కంటే నాలుగాకులు ఎక్కువే చదివాం. ఉత్తుకు, అంటే హ్రస్వ ఉకారానికి, అచ్చు ఎదురైతే సంధి అవుతుందని వ్యాకరణకర్త చిన్నయసూరి సూత్రం రాశాడు గానీ, ఆయన రాయకపోయినా మన నాలుక ఆ పని చేస్తూనే ఉండేది.

వార్తల్లో, వ్యాసాల్లో పదాలు విడదీసి వేయడం మీద నాకు పేచీ లేదు. వచనానికి మాత్రల లెక్క ఉండదు. పద్యంలోనైనా పాత అచ్చుప్రతుల్లో ‘భాగవత మట’, ‘వర మీని’ అని ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీతో కంటికి పదం తెలుస్తుంది, మాత్ర పెరగదు. ముప్పల్లా సంధిలో పోయిన ఉకారాన్ని ‘ము’ అని వెనక్కి తెచ్చి నిలబెట్టడంతోనే. అరసున్న తీసేసినందుకు బాధపడే పెద్దలు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. అది లేకపోయినా పద్యం నడుస్తుంది గనక నేను వారితో గొంతు కలపను.

కాబట్టి మీ పత్రికకూ, పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికీ నా విన్నపం ఒకటే. పద్యాన్ని పద్యంగానే వేయండి. కావాలంటే కింద చిన్న అక్షరాల్లో పదవిభాగం వేరుగా ఇవ్వండి, ఆ పక్కనే తాత్పర్యం ఇవ్వండి. శతక పద్యాల పోటీలు పెట్టేవారు కూడా పిల్లలకు పంచే కాగితాలను ఛందస్సు తెలిసిన ఒక ఉపాధ్యాయుడికి ముందుగా చూపిస్తే చాలు. పుటకు అయిదు నిమిషాలు కూడా పట్టని పని అది.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి