భవిత కేంద్రంలో తల్లికి నేర్పే రోజు ఏది?

సంపాదకులకు,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల మీద వార్త వచ్చినప్పుడల్లా రెండు సంగతులే కనబడతాయి. ఫిజియోథెరపిస్టు రావడం లేదన్నది ఒకటి, ఉపకరణాలు మూలన పడి ఉన్నాయన్నది రెండోది. రెండూ నిజమే. అయితే ఫిజియోథెరపిస్టు తప్పకుండా వచ్చే కేంద్రాల్లో కూడా పిల్లల్లో మార్పు అంతంతమాత్రంగానే ఎందుకుంటోందో ఎవరూ రాయడం లేదు.

మామూలుగా థెరపీ వారానికి ఒక రోజు. పది పదిహేను మంది పిల్లలు వస్తే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు దక్కడమే గొప్ప. వారం మొత్తంలో పిల్లవాడు మేలుకుని ఉండేది ఎంత లేదన్నా ఎనభై గంటలు. ఆ గంటలన్నీ అమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో, అంగన్‌వాడీలోనో గడుస్తాయి. థెరపీ జరిగే ఆ కాసేపూ తల్లి వరండాలో కూర్చుని ఉంటే ఇంట్లో ఏదీ మారదు. థెరపీ రోజున పని నేర్చుకోవలసింది ముందు తల్లి. దీన్ని నియమంగా పెట్టాలని విద్యాశాఖను, సమగ్ర శిక్ష అధికారులను ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాం.

ఎంతమంది పిల్లల సంగతి ఇది? 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలతో పాటు మన హైదరాబాద్ కూడా ఉంది. 2 నుంచి 9 ఏళ్ల వయసున్న దాదాపు 4 వేల మంది పిల్లలను పరీక్షించారు. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం), ఆటిజం, మేధో వైకల్యం, ఏకాగ్రత లోపం, చదువులో ఇబ్బంది అన్నీ కలిపి చూస్తే సుమారు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక ఎదుగుదల సమస్య కనిపించింది. ప్రాంతాన్ని బట్టి లెక్క బాగా మారింది కానీ ఎక్కడా తీసిపారేయదగ్గది కాదు. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. పోస్టులు మంజూరు చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ పోస్టులు నింపి తీరాలి, అందులో రాజీ లేదు. అన్నీ నిండినా వారంలో ఆ ఎనభై గంటలు తల్లివే.

తల్లికి నేర్పితే పని జరుగుతుందా అన్నదానికి ఒక చిన్న పరిశోధన ఉంది. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నేర్పింది నిపుణులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని తల్లితో కలిసి చూస్తూ మాట్లాడేవారు. బిడ్డ దృష్టి ఎటుందో గమనించి బదులివ్వడం తల్లుల్లో బాగా పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. అంటే ఇది సర్వరోగ నివారిణి కాదు. కానీ ఇక్కడ వీడియో తీయడానికి కావలసిన ఫోను చాలా ఇళ్లలో ఉంది.

ఇక నేర్పాల్సిందేమిటి? మొట్టమొదటిది అన్నం తినిపించడం. చంటిబిడ్డకు ఉగ్గు పట్టినట్టే, చాపిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి తినిపించే అలవాటు సెరిబ్రల్ పాల్సీ పిల్లల విషయంలో నాలుగైదేళ్లు దాటినా సాగుతుంది. తల వెనక్కి వాలిన భంగిమలో మింగడం కష్టం, మెతుకులూ నీళ్లూ ఊపిరితిత్తుల వైపు జారతాయి. తింటుంటే దగ్గు, తిన్నాక గొంతులో గురగుర, మాటిమాటికీ జ్వరమూ నెమ్మూ ఉంటే చలిగాలిని తిట్టుకోవడం మాని, ముద్ద ఏ దారిన పోతోందో చూడాలి. పిల్లవాడు నిటారుగా కూర్చోవాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. తినిపించేవాళ్లు ఎదురుగా, అతని కళ్ల ఎత్తులోనో ఇంకాస్త కిందనో కూర్చోవాలి. నిలబడి పెడితే వాడు తలెత్తక తప్పదు. లోతు తక్కువున్న చెంచాను నాలుక మధ్య ఆనించి కొద్దిగా నొక్కి తిన్నగా వెనక్కి తీయాలి, పై పళ్లకు రాసి తీయకూడదు. గట్టిగా కొరికే పిల్లలకు విరిగిపోయే ప్లాస్టిక్ చెంచా వద్దే వద్దు. చారన్నం తేలిగ్గా దిగుతుందనుకుంటారు గానీ నీళ్లూ మెతుకులూ కలిసి ఉండేదే ఈ పిల్లలకు అన్నిటికన్నా కష్టం. మెత్తగా మెదిపి ముద్దగా ఉన్న పప్పన్నం నయం. మంచినీళ్లకే పొలమారుతుంటే నీళ్లను ఏ మేరకు చిక్కబరచాలో డాక్టరును అడగాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. ప్రతి పూటా అరగంట దాటినా గిన్నె ఖాళీ కాకపోయినా, నెలనెలా తూకం పెరగకపోయినా జిల్లా ఆస్పత్రికి పంపాలి.

ఈ పిల్లలకు ఇచ్చే ప్రత్యేక కుర్చీ విషయంలో తప్పు కొలతల శిబిరంలోనే మొదలవుతుంది. కొలతలు తీసుకునే రోజుకూ, ఉపకరణాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో సామగ్రి పంచే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. ఈలోగా పిల్లవాడు ఎదుగుతాడు. లేదా ‘ఎలాగూ ఎదుగుతాడు కదా’ అని పెద్ద సైజు రాసేస్తారు. సీటు లోతు ఎక్కువైతే వీపు ఆనదు, నడుము ముందుకు జారుతుంది, పిల్లవాడు వంగిపోయి ఏడుస్తాడు. వాడికి కుర్చీ పడదని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు, ఆ తర్వాత అది బట్టలారేసే కుర్చీ అవుతుంది. కొలత కష్టమేమీ కాదు. పిరుదుల వెనుక నుంచి మోకాలి మడత దాకా కొలిచి రెండు వేళ్ల మందం తగ్గిస్తే సీటు లోతు. మోకాలి మడత నుంచి మడమ దాకా ఎంతుంటే పాదాల పలక అంత కింద. తుంటి, మోకాలు, చీలమండ మూడు చోట్లా లంబకోణం రావాలి, పాదాలు గాల్లో వేలాడకూడదు. బెల్టు పొట్ట మీద బిగిస్తే జారడం ఆగదు, తొడా నడుమూ కలిసే మడత మీద రావాలి. పెద్ద కుర్చీయే వచ్చిందా? దుప్పటి మడతపెట్టి వీపు వెనుక దట్టంగా అమర్చండి, ఊళ్లో వడ్రంగితో పాదాలకు పలక కొట్టించండి. పంపిణీ రోజున ప్రతి బిడ్డనూ కుర్చీలో కూర్చోబెట్టి చూసి సరిచేశాకే సంతకం తీసుకోవాలి. ఫొటో తర్వాత తీసుకోవచ్చు.

సొంత పనులు నేర్పడంలో ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టడం. నిక్కరు వేసుకోవడమే తీసుకుంటే, ముందు వెనుకలు చూసుకోవడం, కాలు దూర్చడం అన్నిటికన్నా కష్టమైన అంచెలు. వాటితో మొదలుపెడితే పిల్లవాడికి విసుగు, తల్లికి కోపం. ఎలాస్టిక్ నిక్కరును తొడల దాకా తల్లే ఎక్కించి, నడుము దాకా లాగడం మాత్రం బిడ్డకు వదలాలి. అది వచ్చాక మోకాళ్ల దగ్గర నుంచి, తర్వాత పాదాల దగ్గర నుంచి. ఇలా చివరి అంచె నుంచి వెనక్కి వస్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది బిడ్డే అవుతుంది. బడి బస్సు హారను కొడుతున్నప్పుడు ఈ పాఠం సాగదు, సాయంత్రం స్నానమయ్యాక పెట్టుకోవాలి. ఏ అంచె తనంతట తాను చేశాడు, ఏది చెబితే చేశాడు, ఏది చెయ్యి పట్టుకుంటే చేశాడు, ఏది అసలు చేయలేదు అని నాలుగు గుర్తులతో కాగితం మీద రాసుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, తయారుచేసిన మదింపు పట్టికలో ఉన్నదీ ఇంచుమించు ఇదే పద్ధతి. మన గుమ్మంలోనే ఉన్న ఆ సంస్థ పట్టికలు తల్లి చేతికి తేలిక తెలుగులో అందాలి.

ఆ కాగితానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రంలో రాసే మేధో వైకల్యం శాతాన్ని, బిడ్డ రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటాడో కొలిచే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు ఆధారంగా లెక్కిస్తారు. 55 నుంచి 69 మార్కులు వస్తే 50 శాతం, 36 నుంచి 54 వస్తే 75 శాతం. 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతమే, అంటే పింఛనుకు కావలసిన 40 శాతం హద్దుకు కింద. పింఛను రాదు. ఈ స్కేలులో ప్రశ్నలు వేసేది తల్లినే. నలుగురిలో బిడ్డను తక్కువ చేసి చెప్పడం ఇష్టం లేక చాలామంది తల్లులు ‘మా వాడు అన్నీ చేసుకుంటాడండీ’ అంటారు. పక్కన నిలబడి పదిసార్లు చెబితే చేసేది ‘చేసుకోవడం’ కిందికి రాదు. అబద్ధం చెప్పమని కాదు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చూపితే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 6,000, తెలంగాణలో 4,016 రూపాయల నెల పింఛను ఆ జవాబు మీద ఆధారపడి ఉంది.

మాట రాని పిల్లల విషయంలో ‘మేనమామకూ ఐదేళ్లకే మాటలొచ్చాయి’ అన్న మాటతో రెండేళ్లు పోతాయి. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి అనకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి సంగతి తేలకుండా ఆటిజం అనేయడమూ తప్పే. అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందం చూడాలి, అవసరమైనవారిని ఎదుగుదల సమస్యలకు తొలిదశలోనే చికిత్స చేసే జిల్లా కేంద్రంలోని డైక్‌కు పంపాలి. చీటీ రాయడంతో పని అయిపోయిందనుకుంటే అది తల్లి కొంగుముడిలోనే ఉండిపోతుంది. ఆడవాళ్లకు బస్సు టికెట్ ఖర్చు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు, నిజమే. పదేళ్ల బిడ్డను ఎత్తుకుని బస్సు మెట్లెక్కడానికి ఇంకో మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోతుంది.

ఆట నేర్పేటప్పుడు తల్లులు ప్రశ్నల వాన కురిపిస్తారు: ‘ఇదేంటి? కాకి ఏది? చెప్పమ్మా, చెప్పు!’ బిడ్డ చూస్తున్నది ఏమిటో గమనించి దాని పేరు ఒక్కసారి అని, మనసులో పది దాకా లెక్కపెడుతూ ఊరుకుంటే ఆ ఖాళీలో వాడు చూపో, చెయ్యో, శబ్దమో కలుపుతాడు. వీడియోలో తల్లికి చూపాల్సింది ఆ క్షణాన్నే, తప్పులు ఏరి చూపితే వచ్చే వారం ఆమె రాదు. ఆ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు గానీ, పెడుతున్నారు.

థెరపీ రోజు నడవాల్సిన తీరు ఇలా ఉండాలి. ఒకే రకం ఇబ్బంది ఉన్న ఐదుగురు పిల్లల తల్లులకు కలిపి ఒక గంట. మొదట పోయినవారం కాగితాలు చూడాలి. థెరపిస్టు ఒక బిడ్డ మీద చేసి చూపించాక, ఎవరి బిడ్డకు వాళ్లమ్మ తన చేతులతో చేయాలి, చేతులు సరిదిద్దడమే థెరపిస్టు పని. ఇంటికి వెళ్లేటప్పుడు ఒకే ఒక్క పని అప్పగించాలి, నాలుగిస్తే ఒక్కటీ జరగదు. నెలకోసారి నాన్నో నానమ్మో రావాలి. బిడ్డను వెంట తీసుకొచ్చేవారికి ఇచ్చే ఎస్కార్ట్ అలవెన్సు ఏడాది చివర ఒకేసారి కాక నెలనెలా ఖాతాలో పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల శిక్షణ కార్యక్రమంలో తొమ్మిది బృంద తరగతులు, మూడుసార్లు ఇంటికి వెళ్లి చూడడం ఉంటాయి. ఒక విద్యా సంవత్సరంలో మన ఐఈఆర్పీలు, అంటే భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు, ఇది చేయగలరు.

ఇది పనిచేస్తుందో లేదో లెక్క చూశాకే రాష్ట్రమంతా పెట్టండి. ఒక జిల్లాలో ఇరవై మండలాలు తీసుకుని, చీటీలు వేసి పదింట్లో ఈ ఏడాది, మిగతా పదింట్లో వచ్చే ఏడాది మొదలుపెట్టవచ్చు. బిడ్డ తూకం, నెమ్ముతో ఆస్పత్రికి వెళ్లిన సార్లు, తనంతట తాను చేస్తున్న అంచెలు, కుర్చీలో కూర్చునే సమయం, ఈ నాలుగూ రెండు చోట్లా మూడు నెలలకోసారి రాయాలి. రాసేది నేర్పినవాళ్లు కాకూడదు, పక్క మండలం వాళ్లయితే మంచిది.

ఇట్లు,
మండల కేంద్రాల్లో పనిచేస్తున్న కొందరు ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు