ఇంటి భాషను బడి గుమ్మం బయట ఆపకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ఈ విషయమై మీ కార్యాలయానికి మూడు వినతిపత్రాలు పంపినా జవాబు రాకపోవడంతో నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మాయి చదివే బడిలో ఉపాధ్యాయులు ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమన్నారు. రెండు భాషలు వింటే పిల్లలు తికమకపడతారన్నది వారి భయం. మేమూ నమ్మాము. కొన్నేళ్లు తిరిగేసరికి మా అమ్మ చెప్పే కథ మనవరాలికి అర్థం కాకుండా పోయింది. వారిద్దరి మధ్య పెరిగిన మౌనానికి నేనే కారణమయ్యానన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

పసిపిల్లలు తొలి నెలల్లో ఎన్నో భాషల ధ్వనుల తేడాలను పట్టుకోగలరని, చుట్టూ వినిపించని భాషల విషయంలో ఆ నేర్పు ఏడాది నిండేసరికే తగ్గుతుందని పరిశోధకులు చూపించారు. కొత్త భాషలో మాటామంతీ సుమారు రెండేళ్లలో వచ్చినా, పాఠాన్ని ఆ భాషలో ఆలోచించి అర్థం చేసుకునే పట్టుకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ద్విభాషా విద్యపై పరిశోధించిన జిమ్ కమిన్స్ వివరించారు. గలగలా మాట్లాడే పిల్ల లెక్కల ప్రశ్న దగ్గర ఎందుకు ఆగిపోతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మాతృభాషలో బోధనను యునెస్కో నిపుణులు 1953లోనే సమర్థించారు.

కనుక, ఇంటి భాష మానమని తల్లిదండ్రులకు చెప్పరాదని బడులన్నిటికీ లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలని, ప్రాథమిక తరగతుల్లో ఇంటి భాషకు రోజూ ఒక పీరియడ్ కేటాయించాలని, మాలాంటి పెద్దలు బడి భాష నేర్చుకునేందుకు సాయంత్రపు తరగతులు ప్రారంభించాలని కోరుతున్నాను. 30 రోజుల్లో మీ సమాధానం బహిరంగంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి