రొయ్యల బండిలో రేసు బైకు

విశాఖపట్నం,
గురువారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ మిస్డ్ కాల్స్ ఐదు చూశాను. ఎత్తలేదని తిట్టుకోకు. ఈ కథ ఫోన్లో మొదలుపెడితే నువ్వు మధ్యలో నవ్వి మొత్తం పాడుచేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎడం చేతి బొటనవేలు ఇంకా వంకాయలా ఉంది గానీ రాసేది కుడిచేత్తో కాబట్టి బతికిపోయాను.

ముందు రిజల్ట్ చెప్పేస్తాను, లేకపోతే ఆఖరి పేజీ చూసి వస్తావు. చెన్నై బైకు రేసులో 24 మందిలో 17వ వాణ్ణి. నేను, నా పళ్ళు, బండి అందరం తిరిగొచ్చాం. బండి మాత్రం కొన్ని పార్టులు తక్కువతో వచ్చింది.

అసలు ఇదంతా కంచరపాలెం బాబాయ్ మెకానిక్ షెడ్డులో మొదలైంది. ఇంటర్లో ఉన్నప్పుడు జోడుగుళ్ళపాలెం నుంచి రుషికొండ దాకా మనం కొట్టిన రేసులు గుర్తున్నాయిగా? పోలీసులు బండి పట్టుకుంటే మీ నాన్న లుంగీ మీదే స్టేషన్‌కి వచ్చిన రాత్రి? నాలో ఆ పిచ్చి పోలేదు. మొన్న వేసవిలో ఒక రోజు భీమిలి వెళ్ళి ఎంత స్పీడుగా తిరిగొచ్చానో బాబాయ్‌కి గొప్పగా చెప్తున్నాను. ఆయన స్పానర్ కింద పెట్టి, "ఏటి బాబూ, అంత దురదుంటే చెన్నై వెళ్ళి గోక్కో. ఇక్కడ ఎవరి పిల్లనో గుద్దేస్తే నీ మొహం నేను చూడను" అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి "ఎప్పుడెళ్దాం" అన్నాడు.

బైకు రేసింగ్‌కి ట్రాక్ వైజాగ్‌లో లేదు కదా. మనకి చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టైయే దిక్కు. శ్రీపెరుంబుదూర్ పక్కన, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళది, 1990లో మొదలైంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. పోటీలో దిగాలంటే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. (దేశంలో మోటార్ రేసుల్ని నడిపే సంఘం) లైసెన్స్ ఉండాలి. నేను చేరింది నోవిస్ క్లాసులో, అంటే మొదటిసారి మొహాలన్నీ ఒకచోట. బండి నా పాత యమహా ఆర్15, 155 సిసి. బాబాయ్ దాని అద్దాలు, హెడ్‌లైట్, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు, స్టాండు అన్నీ పీకేశాడు. ఈకలు పీకిన కోడిలా నిలబడింది పాపం. నిలబడింది అంటే, స్టాండు లేదుగా, గోడకి ఆనుకుంది.

ఇంజన్ ఆయిల్ బోల్టుకి చిన్న కన్నం పెట్టి సన్నటి తీగతో మెలేసి కట్టాలిట. ఆ బోల్టు ఊడితే ఆయిల్ ట్రాక్ మీద పడి వెనకాల వచ్చేవాళ్ళంతా జారిపోతారు. ఆ కన్నం పెట్టడానికి బాబాయ్ మూడు డ్రిల్ బిట్లు విరగ్గొట్టాడు. ఒక్కో బిట్ విరిగినప్పుడల్లా మీ నాన్న పోలీస్ స్టేషన్లో వాడిన మాటే వాడాడు.

బండిని రైల్లో పార్సిల్ వేద్దామనుకున్నాం గానీ, మా చిన్నాన్న కొడుకు బొలెరో పికప్ ఉంది కదా, ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యలు తోలేది, వాడు డీజిల్ పోయిస్తే చాలన్నాడు. బుధవారం రాత్రి బయల్దేరాం. ముందు కొండెక్కి సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిల్‌కి నిమ్మకాయ-మిరపకాయల దండ కట్టాం. అమ్మకి మాత్రం ఫ్రెండ్ పెళ్ళని చెప్పాను. పెళ్ళికి పట్టుకెళ్ళమని పులిహోర డబ్బా, రెండు కేజీల మాడుగుల హల్వా ఇచ్చింది. పెళ్ళికి పులిహోర ఎవరైనా పట్టుకెళ్తారా అనే అనుమానం నాకు ఒంగోలు దాటాక వచ్చింది. ఆవిడకి అప్పటికే తెలుసేమో.

దాదాపు 800 కిలోమీటర్లు. రెడ్ హిల్స్ కాస్త ముందు షోలవరం వచ్చినప్పుడు బాబాయ్ బండి స్లో చేయించాడు. అక్కడి పాత విమానాల రన్‌వే మీదే ఒకప్పుడు పెద్ద పెద్ద రేసులు జరిగేవి, ఇరుంగట్టుకోట్టై వచ్చాక ఆగిపోయాయి. బాబాయ్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకసారి మద్రాస్ మెయిల్ ఎక్కొచ్చి చూశాడట. కిటికీలోంచి అటే చూస్తూ కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ కదపలేదు.

శుక్రవారం పొద్దున స్క్రూటినీ. అంటే బండిని అణువణువూ చెక్ చేస్తారు. చెక్ చేసే పెద్దాయన తీగ కట్టిన బోల్టు లాగి చూశాడు, బ్రేక్ లీవర్ చివర గుండు చూశాడు, నా హెల్మెట్ బెల్టుకి రెండు రింగులున్నాయా లేదా చూశాడు (క్లిక్ మనే బకిల్ పనికిరాదు). ఆఖర్న నిమ్మకాయల దండ పట్టుకుని నా మొహంకేసి చూశాడు. ఊడిపడేది ఏదీ బండి మీద ఉండకూడదట. బాబాయ్ దాన్ని కళ్ళకద్దుకుని టూల్ బాక్సులో పెట్టాడు. తర్వాత ఆ పెద్దాయన రెండుసార్లు గాలి పీల్చి "మీన్?" అన్నాడు. మీన్ అంటే వాళ్ళ భాషలో చేప. రాత్రంతా మంచు పెట్టెల మధ్య పడుకున్న బండి కదా మరి. మూడు రోజులూ ఆ పాడక్‌లో (రేసు బళ్ళు, మనుషులు ఉండే ఆవరణ) నా పేరు అదే.

ఇక ప్రాక్టీసు. బావా, నిజం చెప్తున్నాను, నాకు బండి నడపడం రాదు. పదేళ్ళుగా వచ్చనుకున్నాను. మొదటి సెషన్లో ఒక్కొక్కడూ నన్ను సిటీ బస్సుని దాటినట్టు దాటిపోయాడు. ఒక చుట్టుకి నాకు 2 నిమిషాల 31 సెకన్లు పట్టింది, ముందున్నవాళ్ళు 2 నిమిషాల 6 సెకన్లకి వచ్చేస్తున్నారు. ఇంజన్లన్నీ ఇంచుమించు ఒకటే. స్ట్రెయిట్‌లో ఎవడూ నాకంటే పెద్ద స్పీడేం కాదు. వాళ్ళు సంపాదించిందంతా మలుపుల్లోనే.

అక్కడ ట్రైనింగ్ ఇచ్చే ఒక మాజీ రేసర్ రెండు చుట్లు నా వెనకాల వచ్చి, పిట్‌లో (ట్రాక్ పక్కన బళ్ళు ఆపి బాగుచేసుకునే చోటు) ఆపి అడిగాడు: "నేల మీద పది రూపాయల నోటు పారేసుకున్నావా?" నాకు అర్థం కాలేదు. "మరెందుకు నేల చూస్తున్నావ్?" అన్నాడు.

అప్పుడు వెలిగింది. మన రోడ్ల మీద మన కళ్ళు చేసే పనేంటి? ముందు చక్రానికి పది అడుగుల దూరంలో గొయ్యి, స్పీడ్ బ్రేకర్, ఆవు, కుక్క, రాంగ్ రూట్లో వచ్చే ఆటో, వీటిని వెతకడం. హనుమంతవాక జంక్షన్లో బతికి బయటపడాలంటే అలాగే చూడాలి. ట్రాక్ మీద ఆ చూపే చంపేస్తుంది. దగ్గరికి చూస్తే అన్నీ స్పీడుగా మీదకొస్తున్నట్టుంటుంది, భయపడి థ్రాటిల్ వదిలేస్తాం. మలుపులోకి దిగకముందే తల తిప్పేసి, బయటికి పోయే చివర ఎక్కడుందో అక్కడ చూడాలి. చెప్తే చాలా ఈజీగా ఉంది కదూ? గంటకి 100 మీద వెళ్తూ ముందు చక్రం ఎక్కడ పడుతుందో చూడకుండా మెడ పక్కకి తిప్పడమంటే, కళ్ళకి గంతలు కట్టి సముద్రంలో దూకమన్నట్టే ఉంది. నాలుగో సెషన్‌కి మూడు మలుపుల్లో తిప్పగలిగాను. టైం 2 నిమిషాల 19 సెకన్లకి దిగింది. బండిలో ఒక్క నట్టు మార్చలేదు. మెడ తిప్పానంతే. బాబాయ్ స్టాప్‌వాచ్ పాడైందనుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

ఇంకోటి విను. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి తొయ్యాలట. లాగడం కాదు, తొయ్యడం. తోస్తే బండి కుడికి వాలుతుంది. మనం సైకిల్ తొక్కినప్పట్నుంచీ తెలియకుండా చేస్తున్నది అదే. తెలిసి చేద్దామని చూస్తే మాత్రం మొదటి అరగంట చేతులు మొరాయించాయి.

శనివారం క్వాలిఫైయింగ్. రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో అందులో తేలుతుంది. పిట్‌లోంచి బయటికొచ్చి ఒక చుట్టు కూడా పూర్తి కాలేదు, ఒక ఎడమ మలుపులో హీరోలా వాల్చాను. ముందు చక్రం సబ్బుమీద కాలేసినట్టు జారింది. పడ్డట్టు కూడా తెలియలేదు. ఒక క్షణం మలుపు చూస్తున్నాను, మరుక్షణం ఆకాశం. తర్వాత బండి నాకంటే ముందు, చాలా ప్రశాంతంగా, మట్టిలోకి వెళ్తూ కనపడింది. రేసులో బండి మనకంటే ముందుండడం మంచిదే కదా అని అప్పుడు కూడా పిచ్చి ఆలోచన వచ్చింది.

ఎందుకు పడ్డానో తర్వాత చెప్పారు. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. కుడి మలుపులు ఎక్కువ, ఎడమవి తక్కువ. కాబట్టి టైరు కుడి పక్క త్వరగా వేడెక్కి పట్టు ఇస్తుంది, ఎడమ పక్క ఇంకా చల్లగానే ఉంటుంది. కుడివైపు పట్టు చూసి నమ్మి, ఎడమవైపు అంతే వాల్చాను, పైగా భయంతో ముందు బ్రేకు కొద్దిగా తగిలించాను. వాలి ఉన్నప్పుడు టైరుకున్న పట్టంతా మలుపుకే సరిపోతుంది, బ్రేకుకి పెట్టడానికి మిగలదు.

క్లచ్ లీవర్ సగానికి విరిగింది, గేర్ లీవర్ ఇంజన్‌లోకి వంగింది, నా బొటనవేలు సంగతి ముందే చెప్పాను. గేర్ లీవర్ని బాబాయ్ రాయి మీద పెట్టి కొట్టి సరిచేశాడు. క్లచ్ లీవర్ స్పేర్ తేలేదు. ఆయన నా వైపు, నేను ఆయన వైపు చూసుకుంటుంటే పక్క పిట్‌లోని కొల్హాపూర్ కుర్రాడు, పందొమ్మిదేళ్ళుంటాయేమో, తన టూల్ బాక్సులోంచి లీవర్ తీసి చేతిలో పెట్టేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వాడికి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ కూడా అంతంతే. మాడుగుల హల్వా డబ్బా ఇచ్చాను. పది నిమిషాల్లో వాళ్ళ నాన్న వేళ్ళు నాకుతూ వచ్చి, ఇంకోటి ఉందా అని అడిగాడు.

క్వాలిఫైయింగ్‌లో చివర్న మిగిలిన రెండు చుట్లలో ఒక టైం పెట్టాను. 21వ స్థానం.

ఆదివారం గురించి ఎక్కువ రాయలేను, ఎందుకంటే సగం గుర్తులేదు. అద్దెకి తెచ్చిన లెదర్ సూట్‌లో దూరడానికి ఒంటినిండా పౌడర్ పూసుకున్నాను, మధ్యాహ్నం ఎండకి అది లోపల పిండి ముద్దయింది. గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే గీతల దగ్గర, నిలబడ్డాక నా గుండె చప్పుడు హెల్మెట్‌లో నాకే వినపడుతోంది. ఎర్ర లైట్లు వెలిగాయి. బావా, అవి ఆరేదాకా పట్టిన టైం మన డిగ్రీ కంటే ఎక్కువ. ఆరగానే 24 బళ్ళ అరుపు ఒక్కసారి. ఒక్కటి చెప్పనా, టెన్షన్ అక్కడితో పోయింది. మొదటి మలుపు పెద్ద కుడి వంపు, స్పీడుగా దిగాలి. నా రెండు మోచేతులకీ చెరొకడు రాసుకుంటున్నాడు. అయినా భయపడ్డానికి టైమే లేదు.

మొత్తం ఆరు చుట్లు. నేను 21 నుంచి 17కి ఎలా వచ్చానో లెక్క అడుగుతావని తెలుసు. ఇద్దరు పడ్డారు (బాగానే ఉన్నారు), ఒకడి చెయిను తెగింది. మిగిలింది ఒక్కడు. వాణ్ణి నేనే దాటాను.

పసుపు హెల్మెట్. మూడో చుట్టునుంచి వాడి వెనకాలే ఉన్నాను. స్ట్రెయిట్‌లో దగ్గరకొస్తాను, బ్రేకు దగ్గర వాడు నాకంటే ఆలస్యంగా పట్టి పారిపోతాడు. నేను చూస్తున్నది వాడి వెనక చక్రాన్నని ఐదో చుట్టులో తెలిసింది. ఎటు చూస్తే అటే కదా పోతాం, వాడు చేసిన తప్పులన్నీ నేనూ చేస్తున్నాను. ఆరో చుట్టులో ఒక కుడి మలుపు ముందు, వాణ్ణి చూడటం మానేసి, వాడి భుజం మీదుగా లోపలి అంచున ఎరుపు-తెలుపు రాళ్ళని చూశాను. వాడు కాస్త వెడల్పుగా పోయాడు. మధ్యలో ఒక బండి పట్టేంత ఖాళీ కనపడింది. అది ఇంతకుముందూ ఉండే ఉంటుంది. దూరిపోయాను. మలుపు మధ్యలో వాడి ఇంజన్ శబ్దం కుడి చెవిలోంచి ఎడమ చెవి... కాదు కాదు, నేను లోపలున్నాను, ఎడమ పక్కనే వినపడింది, తర్వాత వెనక్కి పోయింది. హెల్మెట్‌లో గట్టిగా "అప్పన్నా!" అని అరిచాను.

గెలిచినవాడు జెండా చూసేసరికి నేనింకా సగం ట్రాక్ అవతల ఉన్నాను, అది వేరే విషయం. కొల్హాపూర్ వాడు 9వ స్థానం. పసుపు హెల్మెట్ వచ్చి చెయ్యిచ్చాడు. హెల్మెట్ తీస్తే నలభై ఐదేళ్ళ మనిషి, మధురైలో దంత వైద్యుడట. నా పళ్ళు చూసి ఏదో అనబోయి ఆగాడు.

సోమవారం రాత్రి ఇంటికొచ్చాం. అమ్మ తలుపు తీసి, నా బొటనవేలు చూసి, "పెళ్ళికొడుకు బాగున్నాడా?" అంది. అంతే. అన్నం పెట్టింది. పులిహోర డబ్బా తోముతూ మాత్రం "వచ్చే పెళ్ళెప్పుడు?" అని అడిగింది. అంత తేలిగ్గా అడిగేసరికి నేను పప్పు కలుపుకోవడం మానేసి ఆవిడ మొహం చూశాను.

మంగళవారం షెడ్డుకి వెళ్తుంటే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర స్కూటీ మీద ఒకావిడ, ముందు కూరగాయల సంచీతో సహా, నన్ను ఎడమవైపునుంచి ఓవర్‌టేక్ చేసింది. అప్పుడు చూసుకుంటే నా స్పీడు 35. బాబాయ్‌కి చెప్తే, "అక్కడ పోగొట్టుకుని వచ్చావన్నమాట" అన్నాడు. ఏం పోగొట్టుకున్నానో చెప్పలేదు, చెయిను శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాడు.

ఒక రహస్యం. ఆ అద్దె లెదర్ సూట్ ఎడమ మోకాలి దగ్గరి ప్లాస్టిక్ ముక్క మీద గీతలున్నాయి. ఫోటో పంపుతాను. ఎవరైనా అడిగితే మలుపులో మోకాలు నేలకి రాసుకుందని చెప్పు. కుడి మోకాలిది మాత్రం కొత్తదానిలాగే మెరుస్తోంది, కాబట్టి కుడివైపు ఫోటో అడగొద్దు.

నీకో పని. హైదరాబాద్‌లో ఆర్15 క్లచ్ లీవర్లు చవగ్గా దొరుకుతాయంటున్నారు. మూడు కొని పంపు. ఒకటి నాకు, ఒకటి స్పేర్, ఒకటి కొల్హాపూర్‌కి. హల్వా నేను ఇక్కణ్ణుంచి వేస్తాను. ఈసారి వాళ్ళ నాన్నకి విడిగా ఒక డబ్బా.

నీ,
బక్కోడు

తా.క.: వచ్చేసారి పికప్‌లో ముందు సీట్లో ఒక చోటు ఖాళీ ఉంది. రొయ్యల వాసన పోలేదు, ముందే చెప్తున్నాను.